పలువరుస శాస్త్రం

మంగళాచరణం వినాయకుడితోనే. ఆయన విఘ్నాలకు అధిపతి కావడం ఒక ఎత్తు, ఈ శాస్త్రానికి మొదటి పేషెంటు కావడం ఒక ఎత్తు. షోడశ నామాల్లో మొదటి రెండూ చూడండి. మొదటిది సుముఖుడు, అంటే చక్కని ముఖం కలవాడు. వెంటనే రెండోది ఏకదంతుడు. ఈ రెంటి మధ్యా ‘అయినప్పటికీ’ అన్న మాట లేదు. ఒక దంతం విరిగి, రెండోది నిలిచి, అటుకీ ఇటుకీ పొంతన కుదరని ముఖాన్ని సుముఖం అనడానికి మన పెద్దలకు రవంత సంకోచం కూడా కలగలేదు. అదే ముఖం ఇవాళ గుంటూరు కొత్తపేటలో పళ్ళ డాక్టరుగారి కుర్చీలో కూర్చుంటే ముందు ఎక్స్‌రే, తర్వాత అచ్చులు, ఆ తర్వాత 24 నెలల వాయిదాలు. తొండం అడ్డొచ్చింది కనక ఫొటో మళ్ళీ తీయించుకు రమ్మంటారు.

శాస్త్రం అన్నాక అనుబంధ చతుష్టయం చెప్పుకోవాలి. విషయం: పళ్ళకు క్లిప్పులు వేసేముందు ముఖం ఎలా ఉంటే బాగుంటుందో ఎవరు తేల్చాలన్నది. అధికారి: ఎదిగే పిల్ల ఉన్న ప్రతి ఇల్లూ. ప్రయోజనం: ఇంకా తేలలేదు. సంబంధం: మేనమామది.

ఈ ఆఖరిది కాస్త విప్పాలి. మా అక్క కూతురికి పై పన్ను ముందు మొలిచింది. పై పన్ను ముందొస్తే మేనమామకు గండమని తెలుగుదేశంలో తెలియనివారెవరు? మా అమ్మ ఏదో శాంతి చేయించింది. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు, నవ్వాను. పద్నాలుగేళ్ళపాటు ఏ గండమూ రాలేదు. ఆ తర్వాత ఒక ఆదివారం అక్క ఫోన్ చేసి, “పిల్లకి ఎత్తుపళ్ళురా, క్లిప్పులు వేయించాలంటున్నారు. మీ బావగారికి ఇంటి లోను కిస్తీలున్నాయి కదా...” అని ఆగింది. ఆగిన చోట నేనున్నాను. శాంతి సరిగా జరగలేదని అప్పుడు తెలిసింది. డబ్బు పెట్టేవాడికి శాస్త్రం తెలియాలి కదా అని ఈ గ్రంథరచనకు పూనుకున్నాను.

సంజ్ఞా ప్రకరణం. పళ్ళ పేర్ల విషయంలో మన భాష కలిగిన ఇల్లే. ఎత్తుపళ్ళు, సందుపళ్ళు, పుప్పిపళ్ళు, గారపళ్ళు, పన్ను మీద పన్ను. ఒక్కొక్కదానికి ఒక్కొక్క జాతకం కూడా ఉంది. పన్ను మీద పన్నుంటే అదృష్టమంటారు. సందుంటే మా ఇంట్లో అదృష్టం, పక్కింట్లో దరిద్రం. 1899లో అమెరికాలో ఎడ్వర్డ్ యాంగిల్ అనే డాక్టరు జాతకాల జోలికి పోకుండా, పైనా కిందా మొదటి పెద్ద దవడపళ్ళు ఎలా కలుసుకుంటున్నాయో చూసి రైలుపెట్టెల్లా మూడు క్లాసులు చేశాడు. ఫస్టు క్లాసులో దవడపళ్ళు కుదురుగానే ఉంటాయి, ముందరివే సీటు చాలక తోసుకుంటుంటాయి. సెకండు క్లాసులో కింది వరుస వెనకబడుతుంది. థర్డు క్లాసులో కింది వరుస పైదాన్ని దాటి ముందుకొస్తుంది. డబ్బున్నవాడూ లేనివాడూ ఏ క్లాసులో పడేదీ ముందు తెలియని రైలు ఇదొక్కటే. యాంగిల్ వేసిన ఈ క్లాసులే ఇవాళ్టికీ నడుస్తున్నాయి.

ఇక్కడ భాషాశాస్త్రపరంగా ఒక విశేషం మనవి చేస్తాను. పెళ్ళిచూపుల నుంచి తిరిగొచ్చినవాళ్ళు పిల్ల ఎలా ఉందంటే ‘కనుముక్కు తీరు బాగుంది’ అంటారు. ఈ సమాసంలో కన్నుంది, ముక్కుంది, తీరుంది. నోరు లేదు. ముప్పై రెండు మంది కాపురముండే ఇంటిని మనవాళ్ళు సౌందర్యం లెక్కలోంచి మొత్తంగా తీసేశారు. ముక్కు కింద ఏముందో పెళ్ళయ్యాక తెలుస్తుంది లెమ్మని కావచ్చు. క్లిప్పులు వేసే ఆర్థోడాంటిస్టుగారి రాజ్యమేమో సరిగ్గా ముక్కు కింద మొదలవుతుంది. అంటే తెలుగువాడు చూడ్డం ఆపేసిన చోట ఆయన చూడ్డం మొదలుపెడతాడు. ఇద్దరికీ ఒక ముఖం మీద ఏకాభిప్రాయం కుదరదంటే ఆశ్చర్యమేముంది?

కవులు పళ్ళను వదల్లేదు కదా అనవచ్చు. నిజమే, మల్లెమొగ్గలన్నారు, ముత్యాలన్నారు, దానిమ్మ గింజలన్నారు. ఈ మూడోదానితో నాకు పేచీ ఉంది. దానిమ్మకాయ ఒకటి ఒలిచి చూడండి. గింజలన్నీ ఎర్రగా ఉంటాయి, ఒకదాన్నొకటి నొక్కుకుంటూ తలా ఒక దిక్కుకి తిరిగి ఉంటాయి. ఇది పలువరుసకు పోలికైతే ఆ నాయికకు వెంటనే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. తాంబూలం వేసుకున్న నోటిని చూసి కవి భ్రమపడ్డాడని సరిపెట్టుకోవడం మర్యాద.

కాళిదాసు మరింత ఖచ్చితంగా మాట్లాడాడు. మేఘసందేశంలో యక్షుడి భార్య పళ్ళు శిఖరాల్లా మొనదేలి ఉంటాయన్నాడు. దానికి వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మనవాడు, మెదకు సీమలోని కొలిచెలమ వాడు. ఆయన సాముద్రికాన్ని సాక్ష్యం తెచ్చి, మంచి పళ్ళంటే నునుపుగా, ఒకే తీరుగా, వరుసగా, మొనదేలి, సందు లేకుండా ఉండాలని చెప్పాడు. 1972లో లారెన్స్ ఆండ్రూస్ అనే అమెరికా ఆర్థోడాంటిస్టు, ఎన్నడూ వైద్యం అక్కర్లేని 120 మంది చక్కని పలువరుసల అచ్చులు పెట్టుకుని ఆరు లక్షణాలు తేల్చాడు. వాటిలో ఒకటి పన్నుకీ పన్నుకీ మధ్య సందు ఉండకూడదన్నది. సూరిగారు అచ్చులేవీ లేకుండానే అది చెప్పేశారు. అక్కడితో ఆగలేదు కూడా. అలాంటి పళ్ళు ఆ ఇల్లాలి భాగ్యాన్నీ, భర్త ఆయుర్దాయాన్నీ సూచిస్తాయన్నారు. ఆండ్రూస్ అంత దూరం వెళ్ళలేదు.

ఈ వ్యాఖ్యానం దొరకగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పలువరుస వల్ల పెరిగేది భర్త ఆయుష్షయినప్పుడు, ఖర్చు కాబోయే అల్లుడిది కావాలి గాని మేనమామది ఎలా అవుతుంది? అక్క ముందు ఈ వాదం పెట్టాను. “అల్లుడొచ్చాక వసూలు చేసుకో. ముందు నువ్వు కట్టు” అంది. మల్లినాథుడికి కూడా ఇలాంటి అక్క ఉండి ఉంటే వ్యాఖ్యానం కాస్త పొట్టిగా రాసేవాడు.

ఇక ఆదర్శముఖ ప్రకరణం. యాంగిల్‌గారికి క్లాసులు చేశాక ముఖం ఎలా ఉండాలన్న ప్రశ్న వచ్చింది. 1900లో సెయింట్ లూయిస్‌లో బడి పెట్టి శిష్యులకు పాఠాలు చెబుతున్నాడు కదా, ఆదర్శమంటూ ఒకటి చూపించాలి. వాటికన్‌లో ఉన్న అపోలో బెల్వెడేర్ పాలరాతి విగ్రహాన్ని చూపించాడు. ఆ విగ్రహం నేను ఫొటోల్లో నాలుగు వైపుల నుంచీ పరిశీలించాను. ఒక్క పన్ను కూడా కనిపించదు. పళ్ళ శాస్త్రానికి ఆదర్శపురుషుడిగా నిలిచినవాడు పన్నే చూపించలేదు! వాడివి ఎత్తుపళ్ళో, పుప్పిపళ్ళో, అసలున్నాయో లేవో చెప్పగలిగేవాడు ఈ భూమ్మీద లేడు. కళ గురించి పాఠాలు చెప్పడానికి యాంగిల్ తన బడికి ఎడ్మండ్ వర్పెల్ అనే చిత్రకారుణ్ణి పిలిపించుకున్నాడు. ఆయన వచ్చి, ప్రపంచంలోని ముఖాలన్నిటికీ ఒకే ఆదర్శం పెట్టడం కుదరదని మెల్లగా చెప్పాడు. బొమ్మలేసేవాడికి ఒక్క చూపులో తెలిసింది కొలతలేసేవాడికి ఒకరు చెబితే గాని తెలియలేదు. ఇంకో మాట కూడా అనుకుంటాను. యాంగిల్ వాటికన్ వైపు కాకుండా లండన్ వైపు చూసి ఉంటే అక్కడి బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి స్తూపం రాళ్ళు కనిపించేవి. ఆ నిండు పెదాలు చూసి ఉంటే మా మేనకోడలికి ఎత్తుపళ్ళన్న మాట వచ్చేదే కాదేమో.

పళ్ళన్నీ ఉంచి సర్దితేనే ముఖానికి అందమని యాంగిల్ సిద్ధాంతం. దేవుడిచ్చిన పన్ను పీకడం ఆయన దృష్టిలో అపచారం. కాల్విన్ కేస్ అనే ఆయన, కొన్ని ముఖాలకు పీకక తప్పదని వాదించాడు. 1911లో దీని మీద పెద్ద సభే జరిగింది. వడగలై తెంగలై తగవు విన్నవాళ్ళకు ఆ సభ వాతావరణం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. యాంగిల్ పక్షం గెలిచినట్టే ఉండి 1930లో గురువుగారు కన్నుమూశాక కథ మారింది. మారింది ఎవరి చేతుల్లోనంటే ప్రియశిష్యుల చేతుల్లోనే. అరిజోనాలో చార్లెస్ ట్వీడ్, గురువు చెప్పినట్టే పీకకుండా సర్దిన ముఖాలను మళ్ళీ పిలిచి చూసుకుని, తృప్తి కలగక, నాలుగేసి చిన్న దవడపళ్ళు పీకి రెండోసారి వైద్యం చేశాడు. ఆస్ట్రేలియాలో రేమండ్ బెగ్, అక్కడి ఆదివాసుల పళ్ళు జీవితమంతా అరిగి అరిగి చోటు వాటంతటవే చేసుకుంటాయని గమనించి, మెత్తటి తిండి తినే మనకు పీకడమే శరణ్యమన్నాడు. గురువు మాట జవదాటడానికి ఇద్దరికీ ఆయన నేర్పిన చదువే పనికొచ్చింది.

మా డాక్టరుగారిది ట్వీడ్ సంప్రదాయం. నాలుగు పీకాలన్నారు. చిన్న దవడపన్ను వెడల్పు దాదాపు 7 మిల్లీమీటర్లు. అటొకటి ఇటొకటి తీస్తే ఒక వరుసలో 14 మిల్లీమీటర్ల స్థలం ఖాళీ అవుతుంది. ఊళ్ళో రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పక్కిళ్ళు కొట్టేసినట్టే. ఆ ఖాళీలోకి ముందు పళ్ళను నెలకు ఒక మిల్లీమీటరు చొప్పున లాగాలి. నిమజ్జనం రోజు ఖైరతాబాద్ నుంచి హుస్సేన్‌సాగర్‌కు వెళ్ళే విగ్రహం దీనికన్నా వడిగా నడుస్తుంది. లాగే తీగ పేరు నిటినాల్. నికెల్‌లోంచి ఒక ముక్క, టైటానియంలోంచి ఒక ముక్క, ఆ లోహాన్ని కనిపెట్టిన అమెరికా నౌకాదళపు ఆయుధ ప్రయోగశాల పేరులోని పొడి అక్షరాలు కలిపి ఆ పేరు పెట్టారు. ఎంత వంచినా తన పాత ఆకారం గుర్తుపెట్టుకుని అక్కడికే పోతుంది. మొండితనానికి నౌకాదళం వెల కట్టింది, పళ్ళ డాక్టర్లు కొనుక్కున్నారు.

కొలతల సంగతి. 1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్రాత్ తలను బిగించి పక్కనుంచి ఎక్స్‌రే తీసే పద్ధతి పెట్టారు. దాని మీద చుక్కలు పెట్టి గీతలు కలిపితే కోణాలొస్తాయి. పై దవడకు 82 డిగ్రీలు, కింది దవడకు 80, తేడా 2. ఇవి స్టైనర్‌గారి లెక్కలు, అమెరికాలోని తెల్లవాళ్ళ ముఖాల మీద కట్టినవి. మన ముఖాలకు మన కొలతలుండాలని మన ఆర్థోడాంటిస్టులూ కొలిచారు, మన పెదాలు కొంచెం ముందుకే ఉంటాయని తేల్చారు. అయినా చాలా కుర్చీల పక్కన గోడ మీద ఇంకా ఆ 82, 80, 2 వేలాడుతున్నాయి. రికెట్స్ అనే ఆయన ఇంత శ్రమ లేకుండా ముక్కు కొనకూ గడ్డానికీ ఒక గీత గీసి, పెదాలు ఆ గీతకు కాస్త లోపలే ఉండాలన్నాడు. స్కేలుతో ఇంట్లోనే చూసుకోవచ్చు. నేను చూశాను. ఇందులో ఒక చమత్కారముంది. ముక్కు ఎంత పొడుగుంటే గీత అంత ముందుకు జరుగుతుంది, పెదాలు అంత లోపలికి పోయినట్టుంటాయి. మా వంశంలో మూడు తరాల ఎత్తుపళ్ళను మా ముక్కులు ఇలాగే కాపాడుకొచ్చాయని ఇన్నాళ్ళకు తెలిసింది. కనుముక్కు తీరన్న మాటలో నోటికి చోటెందుకు లేదో కూడా కొంత అర్థమైంది.

ఇప్పుడు శాస్త్రంలో కీలకమైన చిక్కు. ఈ కోణాలూ గీతలూ అన్నీ పక్కముఖానివి. పక్కముఖం ఎవరిదంటే, సృష్టిలో దాన్ని చూడలేనివాడు దాని సొంతదారు ఒక్కడే. అద్దంలో ఎదురుముఖమే కనిపిస్తుంది, అదీ కుడిఎడమలు మారి. పక్కముఖాన్ని చూసేవాళ్ళు బస్సులో పక్క సీటువాళ్ళు, కటింగు షాపువాడు, పోలీసులు. నాణేల మీద రాజులు కూడా పక్కముఖంతోనే ఉంటారు. మన శాతవాహనులు వెండి నాణేలు కొట్టించినప్పుడు కూడా అంతే. రాజు తన నాణెం చేతిలోకి తీసుకుని, ‘ఈయనెవరయ్యా’ అని అడిగి ఉంటాడని నా అనుమానం. ఎందుకంటే డాక్టరుగారు కంప్యూటరు మీద పక్కఫొటో చూపించి “చూడమ్మా, పెదాలు ఎంత ముందుకొచ్చాయో” అన్నప్పుడు మా మేనకోడలు ఒక నిమిషం చూసి, “ఎవరండీ ఈ అమ్మాయి?” అంది. వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది.

అది తనేనని తేలాక ఇంట్లో సభ తీరింది. పిల్లకు కావలసింది రంగు రబ్బర్లు, అవీ స్నేహితురాలివాటికన్నా మంచి రంగు. రెండోది, పదో తరగతి వీడ్కోలు సభ ఫొటోలనాటికి తీగలు తీసెయ్యాలి. అక్కకు కావలసింది మూత పడే మూతి. బావకు కావలసింది వాయిదాల సంఖ్య, కట్టేది తను కాకపోయినా. అమ్మ మాత్రం, “మొలిచిన పన్ను పీకిస్తార్రా ఎవరైనా? రేపు పెళ్ళిచూపుల్లో నవ్వకుండా కూర్చుంటే సరిపోయేదానికి!” అంది. ఇదీ ఒక చికిత్సా విధానమేనని, అపోలో పాటించింది ఇదేనని నేను బలపరిచాను. ఎవరూ వినలేదు. పిల్ల ఫోన్లో తీసుకున్న సెల్ఫీలు సాక్ష్యంగా తెచ్చింది. దగ్గర్నుంచి తీస్తే ముక్కు పెద్దదై, రికెట్స్ గీత ముందుకు జరిగి, పళ్ళు సర్దుకున్నట్టే ఉన్నాయి. చెయ్యి పొట్టిగా ఉన్నవాళ్ళకు క్లిప్పులతో పని లేదన్నమాట.

పూర్వపక్షంగా ఇంకో రెండు విషయాలు చెప్పి సిద్ధాంతానికి వస్తాను. 1970లో పెక్ అన్నదమ్ములు 52 మంది ముఖాలు కొలిచారు. మోడళ్ళు, అందాల పోటీల్లో గెలిచినవాళ్ళు, తెర మీది తారలు, అంటే జనం ఓటేసిన ముఖాలు. జనానికి నచ్చిన ఆ ముఖాల్లో పెదాలూ పళ్ళూ శాస్త్రం కొలతలకన్నా నిండుగా, ముందుకు ఉన్నాయి. 1999లో కోకిచ్ బృందం నవ్వు ఫొటోల్లో చిన్నచిన్న తేడాలు చేసి ఆర్థోడాంటిస్టులకూ, మామూలు పళ్ళ డాక్టర్లకూ, జనానికీ చూపించింది. పై పళ్ళ మధ్యగీత 4 మిల్లీమీటర్లు పక్కకు జరిపితే ఆర్థోడాంటిస్టులు పట్టుకున్నారు. మిగతా ఇద్దరూ పట్టుకోలేకపోయారు. 4 మిల్లీమీటర్లంటే ఇంచుమించు ఒక కందిపప్పు బద్ద. మా పిల్లకు మధ్యగీత 2 మిల్లీమీటర్లు తప్పిందని డాక్టరుగారు బాధపడ్డారు. సగం బద్ద. అది లోకంలో ఆయనకూ, ఆయన సాటివాళ్ళకూ తప్ప ఎవరికీ కనపడదు. అంటే ఆ సగం బద్దను సర్దించడం ఏదో ఒకనాడు మా పిల్ల వేరే ఆర్థోడాంటిస్టు ఎదట నవ్వవలసి వస్తే పరువు పోకుండా ఉండడానికి.

దేశాంతరాల సంగతి ఒక్క మాటలో. జపానులో ముందుకు పొడుచుకొచ్చిన కోరపన్నుకు యాయెబా అని ముద్దుపేరు, లేనివాళ్ళు కొందరు పెట్టించుకున్నారు కూడా. పూర్వం అక్కడ పెళ్ళయిన ఆడవాళ్ళు పళ్ళు నల్లగా చేసుకునేవారు. ఫ్రాన్సులో ముందు పళ్ళ మధ్య సందుంటే ఆనందపు పళ్ళంటారు. మా అమ్మ ఇవన్నీ విని, “మరి అక్కడే సంబంధం చూడొచ్చుగా” అంది.

సిద్ధాంతం డబ్బు కట్టాక వచ్చింది. పిల్ల కుర్చీ దిగి, రంగు రబ్బర్లలో నెమలికంఠం రంగు దొరికిందని మురుస్తుంటే నేను పక్కకు తిరిగి రసీదు చదువుకుంటున్నాను. డాక్టరుగారు చాలాసేపు నన్నే చూశారు. అది నా ముఖంలోకి చూసిన చూపు కాదు, నా ముఖం మీదుగా చూసిన చూపు. “మీకూ కింది దవడ కాస్త వెనక్కుందండీ. ఇప్పుడైనా మించిపోయింది లేదు” అన్నారు. నలభైకి చేరువవుతున్నాను. ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అనలేదు. ఆ రోజు నుంచి బస్సులో కిటికీ పక్కన కూర్చోవడం మానేశాను, కూర్చున్నా పక్కవాడికి ఎదురుముఖమే పెడతాను. వాళ్ళు దిగిపోతున్నారు.

పరిశిష్టం. పీకిన నాలుగు పళ్ళూ డాక్టరుగారు చిన్న సీసాలో వేసి ఇచ్చారు. పాలపళ్ళైతే ఏం చెయ్యాలో అందరికీ తెలుసు, పేడలో చుట్టి ఇంటి కప్పు మీదికి విసరాలి, మంచి పన్ను మొలుస్తుంది. అమ్మ సీసా పట్టుకుని నన్ను డాబా మీదికి పొమ్మంది. అక్క అడ్డం తిరిగింది. “మళ్ళీ మొలిస్తే? అంత డబ్బు పోసి చోటు చేయించింది మొలవడానికా?” అంది. చెత్తబుట్టలో వెయ్యడానికి అమ్మ ఒప్పుకోదు, కప్పు మీద వెయ్యడానికి అక్క ఒప్పుకోదు. ఏ స్మృతిలోనూ దీనికి విధి దొరకలేదు. ప్రస్తుతానికి ఆ సీసా దేవుడి గూట్లో, కుంకుమ భరిణె వెనకాల, ఏకదంతుడి పటం పక్కన ఉంది.